డ్రాగ్ ప్రేరణతో విద్యార్థి ఫ్యాషన్ ఫిల్మ్, జీన్: విగ్గులూ మెరుపులూ తీసేస్తే ఏం మిగలాలి?

నూలుపోగు

నమస్కారం. నేను ఫ్యాషన్ డిజైన్ చివరి సంవత్సరం చదువుతున్నాను. తుది ప్రాజెక్టు కోసం నలుగురం కలిసి అయిదు నిమిషాల ఫ్యాషన్ ఫిల్మ్ ఒకటి, దానికి తోడుగా జీన్ ఒకటి, అంటే సొంతంగా రాసి, కూర్చి, కొద్ది ప్రతులు మాత్రమే వేసే చిన్న పత్రిక ఒకటి తయారు చేస్తున్నాం. రెండింటికీ ప్రేరణ డ్రాగ్ సంస్కృతి, అంటే దుస్తులు, మేకప్, విగ్గులతో స్త్రీగానో పురుషుడిగానో అతిశయించిన కొత్త రూపం తయారుచేసుకుని ప్రదర్శించే కళ. ఆరు దుస్తులకు బొమ్మలు గీశాం. రెండింటికి ప్యాటర్న్, అంటే బట్ట కత్తిరించడానికి గీసుకునే కాగితపు నమూనా కూడా సిద్ధమైంది.

గత వారం మా పనిని చూసిన అధ్యాపకురాలు ఒకే ప్రశ్న వేశారు. ఈ బొమ్మల్లోంచి విగ్గులూ మెరుపులూ తీసేస్తే ఇందులో డ్రాగ్ ఏం మిగులుతుంది అని అడిగారు. మా నలుగురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆరు నెలలుగా ఫొటోలు పోగుచేశామే తప్ప, ఆ ఫొటోల్లోని మనుషులు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో మేం ఆలోచించలేదని అప్పుడు తెలిసింది.

మాలో ఎవరమూ డ్రాగ్ చేసేవాళ్ళం కాదు. అటువంటప్పుడు ఈ విషయాన్ని ముట్టుకునే అర్హత మాకు ఉందా అన్నది నా మొదటి సందేహం. ఉందనుకుంటే, దుస్తుల రూపకల్పన దగ్గరనుంచి ఏం మార్చుకోవాలి? ఫిల్మ్‌లో ఉన్నదే జీన్‌లో మళ్ళీ అచ్చువేయకుండా రెండూ వేర్వేరు పనులు చేయాలంటే వాటిని ఎలా విడదీయాలి? అనుభవం ఉన్నవారు చెబితే కృతజ్ఞురాలిని.

రెండోఅంకం

మీ అధ్యాపకురాలి ప్రశ్న చాలా మంచిది. జవాబు చరిత్రలో కొంత దొరుకుతుంది కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను.

1880లలో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో విలియం డోర్సీ స్వాన్ అనే నల్లజాతి మనిషి ఇళ్ళలో రహస్యంగా నృత్య వేడుకలు జరిపేవాడు. బానిసగా పుట్టినవాడు. పట్టు గౌన్లు వేసుకుని వచ్చే తన మిత్రుల మధ్య తనను తాను డ్రాగ్ రాణిగా చెప్పుకున్నాడు. 1888లో పోలీసులు దాడి చేసి అరెస్టు చేశారు. తర్వాత శిక్ష పడినప్పుడు క్షమాభిక్ష కోసం అధ్యక్షుడికి అర్జీ పెట్టుకున్నాడు, అది తిరస్కరణకు గురైంది. గౌన్లతో వేడుక జరిపినందుకు మనిషి జైలుకు వెళ్ళవలసి వచ్చిన కాలం నుంచి ఈ సంస్కృతి నడిచి వచ్చిందన్న సంగతి మీ బట్టల బరువును కొంత మారుస్తుంది.

ఆ తర్వాత న్యూయార్క్‌లోని హార్లెంలో బాల్స్ అనే పెద్ద డ్రాగ్ పోటీలు నడిచాయి. డ్రాగ్ అందాల పోటీల్లో తెల్లవారికే మొగ్గు చూపుతున్నారని 1967లో వేదిక దిగిపోయి నిరసన తెలిపిన క్రిస్టల్ లబేజా, 1970ల తొలినాళ్ళలో లబేజా పేరుతో ఒక హౌస్‌ను స్థాపించింది. హౌస్ అంటే ఇక్కడ ఫ్యాషన్ సంస్థ కాదు. ఇల్లు వదలవలసి వచ్చిన పిల్లలకు అమ్మగానో నాన్నగానో ఒకరు నిలబడి, అందరూ ఒకే ఇంటిపేరుతో పోటీకి దిగే కుటుంబం అది.

మీకు బాగా పనికివచ్చేది ఆ పోటీల్లోని విభాగాల పద్ధతి. ముఖానికి ఒక విభాగం, నడకకు ఒకటి, ఫ్యాషన్ పత్రికల్లోని భంగిమల నుంచి పుట్టిన వోగ్ నృత్యానికి ఒకటి, రియల్‌నెస్‌కు ఒకటి. రియల్‌నెస్ విభాగంలో పోటీదారు ఒక ఆఫీసు ఉద్యోగిలాగానో, సైనికుడిలాగానో, పాఠశాల విద్యార్థిలాగానో ఏ తేడా కనిపించకుండా నిలబడాలి. తనను ఎన్నడూ లోపలికి రానివ్వని వృత్తి తాలూకు బట్టను అచ్చుగుద్దినట్టు వేసుకుని చూపడమంటే, ఆ అర్హత అంతా ఈ బట్టలోనే ఉంది కదా, మరి నన్నెందుకు ఆపారని అడగడమే. దుస్తులు వాదించగలవనడానికి దీనికన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. మీ ఆరు దుస్తులకూ ఆరు రంగులు ఎంచుకునే బదులు, ఒక్కొక్కటి ఏ ప్రశ్నకు జవాబో ఒక్కొక్క వాక్యంలో రాసుకోండి. వాక్యం రాయలేకపోతే ఆ దుస్తు ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

ఇంకొక మాట. డ్రాగ్ అంటే పురుషుడు స్త్రీ వేషం వేయడమేనని మీ ఫొటోలన్నీ చెబుతున్నట్టున్నాయి. 1920లు, 30లలో హార్లెంలో తెల్లటి సూటు, పొడవాటి టోపీతో పియానో వాయిస్తూ పాడిన గాయని గ్లాడిస్ బెంట్లీ ఉంది. జ్యూయెల్ బాక్స్ రెవ్యూ అనే ప్రదర్శన బృందానికి మగవేషంలో వ్యాఖ్యాతగా పనిచేసిన స్టోర్మే డెలార్వెరీ ఉంది. ఆరింటిలో కనీసం ఒక్కటైనా సూటు ఉండాలని నా అభిప్రాయం. సూటు కుట్టడం గౌను కన్నా కష్టం, మెరుపుల వెనుక దాక్కోవడానికి అందులో వీలుండదు.

పాతతెర

రెండోఅంకం గారికి ఒక ప్రశ్న. మన రంగస్థలం మీద స్థానం నరసింహారావు గారు సత్యభామగా, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు అదే పాత్రలో ప్రేక్షకులను మరపించారు. దాన్ని కూడా డ్రాగ్ అనవచ్చునా? అనగలిగితే ఈ విద్యార్థులు అంత దూరం వెళ్ళి ప్రేరణ వెతుక్కోవలసిన పని లేదు కదా.

రెండోఅంకం

పాతతెర గారూ, నేనైతే ఆ పేరు పెట్టను. జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకిలో స్త్రీలను 1629లో వేదిక నుంచి నిషేధించాక పురుషులే స్త్రీ పాత్రలు ధరించారు, ఇంగ్లండులో 1660 దాకా బాలురే నాయికలు. స్త్రీలు వేదిక ఎక్కడానికి వీలులేని చోట పాత్ర కోసం పుట్టిన కళ అది. స్థానం వారు కనబడినంతసేపూ ప్రేక్షకుడికి సత్యభామ కనిపించాలి, నటుడు మరుగైపోవాలి. డ్రాగ్ కళాకారులు వేరొకరు రాసిన పాత్రలోకి వెళ్ళరు. తమ పాత్రను తామే కనిపెట్టి, పేరు పెట్టి, ఏళ్ళ తరబడి పెంచుతారు. ఇది తయారైనది సుమా అని ప్రేక్షకుడికి తెలియడమే అందులోని ఆనందంలో సగం. రెండింటినీ ఒకే గాటన కడితే రెండింటికీ అన్యాయం జరుగుతుంది. అయితే నడుము తిప్పడం, చూపు వాల్చడం, జడను ముందుకు వేసుకోవడం వంటివన్నీ నేర్చుకుని సాధించే విద్యలేనన్న సంగతి ఉమ్మడిది.

అద్దంముందు

నేను పదకొండేళ్ళుగా డ్రాగ్ ప్రదర్శనలు ఇస్తున్నాను. అర్హత గురించి నూలుపోగు గారు అడిగిన ప్రశ్నకు నావైపు నుంచి జవాబు చెబుతాను.

మమ్మల్ని విద్యార్థి ప్రాజెక్టులకు ఎప్పుడు పిలుస్తారో చెబితే మీకే అర్థమవుతుంది. దుస్తులన్నీ కుట్టడం అయిపోయాక, కథ రాసుకోవడం అయిపోయాక, చిత్రీకరణకు మూడు రోజుల ముందు పిలుస్తారు. వచ్చి నిలబడండి, మేకప్ మీరే వేసుకోండి, విగ్గు మీరే తెచ్చుకోండి అంటారు. నా ముఖం మీద నేను చేసే డిజైన్ పని ఆ ఫిల్మ్ చివర్లో ఎక్కడా నా పేరుతో కనిపించదు, మేకప్ అన్న చోట ఖాళీగా ఉంటుంది. మీరు డ్రాగ్ చేయరన్నది నాకు ఇబ్బంది కాదు. మీ గదిలో మొదటి రోజున డ్రాగ్ చేసే మనిషి లేకపోవడమే ఇబ్బంది. ప్యాటర్న్ గీయకముందే ఒకరిని పిలవండి. ప్రదర్శకురాలిగానే కాక సహ రూపకర్తగా పేరు వేయండి. విద్యార్థుల దగ్గర డబ్బు తక్కువే ఉంటుందని మాకూ తెలుసు, ఎంత ఇవ్వగలరో ముందే చెప్పి అది కాగితం మీద పెట్టండి. బాల్ సంస్కృతిని ప్రపంచానికి చూపిన 1990 నాటి ‘ప్యారిస్ ఈజ్ బర్నింగ్’ డాక్యుమెంటరీ విడుదలై పేరు తెచ్చుకున్నాక, అందులో కనిపించినవాళ్ళు తమకు రావలసిన వాటా కోసం గొడవ పడవలసి వచ్చింది. చివరికి పదముగ్గురికి కలిపి సుమారు 55,000 డాలర్లు పంచారు. ముప్పై ఏళ్ళు దాటినా ఆ సినిమా పేరు ఎత్తితే ఈ సంగతి పక్కనే వస్తుంది.

ఒప్పంద పత్రంలో రెండు పేర్లకూ చోటు ఉంచండి. చాలామందికి వేదిక పేరు మాత్రమే బయట తెలియాలి, అసలు పేరు తెలిస్తే ఉద్యోగానికో ఇంటికో ముప్పు. సగం మేకప్‌లో తీసిన ఫొటోలు ఏవి వాడవచ్చో, ఏవి వాడకూడదో చూసి చెప్పే అవకాశం, జీన్ అచ్చుకు వెళ్ళే దాకా వెనక్కి తగ్గే హక్కు, ఈ రెండూ అందులో రాసి ఉండాలి.

ఇక విగ్గులూ మెరుపులూ తీసేస్తే ఏం మిగులుతుందంటారా, పని మిగులుతుంది. నా ముఖానికి రెండున్నర గంటలు పడుతుంది. అందులో మొదటి నలభై నిమిషాలు కనుబొమలకే పోతాయి. పిల్లలు కాగితాలు అతికించే జిగురు పుల్లను వెంట్రుకల వాలుకు ఎదురుగా రుద్ది, చిన్న దువ్వెనతో పైకి దువ్వి, ఆరనిచ్చి, మళ్ళీ రుద్ది, ఇలా మూడు నాలుగు పొరలు వేసి పౌడరుతో అద్దాక అక్కడ కనుబొమ ఉండేదని మీకు తెలియదు. ఆ నున్నటి జాగాలో, అసలు స్థానానికి రెండు వేళ్ళ పైన, నాకు కావలసిన కనుబొమ గీసుకుంటాను. ఒక్క పొర తడిగా ఉన్నా రాత్రి పదింటికి ఆ వెంట్రుకలు లేచి నిలబడతాయి. ఫ్యాషన్ చదివేవాళ్ళకు ఇది కొత్తగా ఉండకూడదు. బట్టను చదును చేసి, గుర్తులు పెట్టుకుని, ఆ తర్వాతే కత్తెర వేయడం లాంటిదే ఇది.

కత్తెరవాటం

అద్దంముందు గారు చెప్పిన మొదటి రోజు సంగతి ఎంత ముఖ్యమో నా చేదు అనుభవంతో చెబుతాను.

చదువుకునే రోజుల్లో మేమూ ఇటువంటి ఫిల్మ్ ఒకటి చేశాం. ముదురాకుపచ్చ శాటిన్‌తో వొంటికి అతుక్కునే పొడవాటి గౌను కుట్టాను. కాలేజీలో బట్టలు తొడిగి చూసే డమ్మీ బొమ్మ మీద అది చుక్క లేని అద్దంలా కూర్చుంది. చిత్రీకరణ రోజున కళాకారిణి వచ్చారు. డ్రాగ్‌లో తుంటి ఆకారం కోసం సోఫా ఫోమ్‌ను చెక్కి, అంచులు పలచగా అరిగేలా కోసి, రెండు మూడు జతల టైట్స్, అంటే నడుము దాకా వచ్చే బిగుతైన కాళ్ళ తొడుగుల కింద అమర్చుకుంటారని నాకు తెలియనే తెలియదు. ప్యాడ్లు పెట్టుకున్నాక ఆవిడ తుంటి చుట్టుకొలత 13 సెంటీమీటర్లు పెరిగింది. రెండు పక్కల మార్జిన్లు మొత్తం విప్పినా 4 సెంటీమీటర్లకు మించి రాలేదు. జిప్పు సగం దాకా వేసి, వెనుక భాగాన్ని తెరిచి, పిన్నులు పెట్టి చిత్రీకరించాం. ఆ ఫిల్మ్‌లో ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరగదు. ఎవరైనా చూసి మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఆ పిన్నులే కళ్ళ ముందు మెదులుతాయి. పదిహేనేళ్ళు సాధన చేసిన నడకను నా కొలతల తప్పు వల్ల ఆవిడ ముందుకు మాత్రమే నడవవలసి వచ్చింది.

కాబట్టి నూలుపోగు గారూ, సిద్ధమైన ఆ రెండు ప్యాటర్న్‌లనూ పక్కన పెట్టండి. కళాకారులు మామూలుగా వేసుకునే వరుసలోనే, అంటే టైట్స్, ప్యాడ్లు, మళ్ళీ టైట్స్, ఆ పైన నడుమును బిగించే కార్సెట్ వేసుకున్నాకే టేపు పట్టండి. ప్యాడ్లతో తుంటి వెడల్పుగా ఉండే చోటు డమ్మీ మీద ఉన్న చోట ఉండదు. ఒకరికి రెండంగుళాలు పైన, ఒకరికి కింద. నడుము నుంచి అక్కడికి ఉన్న దూరం వేరుగా కొలిచి రాసుకోకపోతే బట్టను ఒంటి వంపుకు తెచ్చే మడత కుట్టు, అంటే డార్టు కొస తప్పు చోట తేలి, అక్కడ బట్ట ముక్కులా పొడుచుకు వస్తుంది. జిప్పును గౌను పక్క కుట్టులో వేస్తే ఫోమ్ మీద వంకర తిరుగుతుంది, నడి వెనుకకు మార్చండి. వోగ్ చేసేవాళ్ళు చేతులు తల మీదికి ఎత్తుతారు కాబట్టి చంక కింద గసెట్, అంటే చేయి కదలడానికి వీలుగా కలిపే అదనపు బట్ట ముక్క వేయకపోతే గౌను మొత్తం చేతులతో పాటు పైకి లేస్తుంది. చంక దగ్గర సీక్విన్లు, అంటే మెరిసే చిన్న బిళ్ళలు కుట్టకండి, లోపలి చేయి చర్మం గీసుకుపోతుంది. అసలు బట్ట కోసేముందు మల్లుగుడ్డతో ట్రయల్ కుట్టి, అది వేసుకుని కూర్చోమని, వంగమని, మెట్లు ఎక్కమని అడగండి.

అసలు మీరు చేయగల గొప్ప పని ఇంకొకటి ఉంది. ఆ ఫోమ్ ప్యాడ్‌ను ఉపకరణంగా చూడకండి. దేహాన్నే ముందు డిజైన్ చేసి, తర్వాత దానికి బట్ట కుట్టే కళ ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. 1980లలో లండన్‌లో లీ బౌరీ అనే ప్రదర్శన కళాకారుడు చేసింది అదే. ఆయన తన భారీ కాయాన్ని దాచుకోలేదు. దాన్ని ఇంకా ఉబ్బించి, బిగించి, ముఖాన్ని కూడా బట్టతో కప్పి, ఆడా మగా అన్న ప్రశ్నకే చోటు లేని ఆకారాలు తయారు చేశాడు. మీ ఆరింటిలో ఒక్కటి స్త్రీ ఆకారమూ పురుషాకారమూ కాని దుస్తు అయితే చూడాలని ఉంది.

నీలితెర

ఫిల్మ్ వైపు నుంచి రాస్తున్నాను. ముందుగా అద్దంముందు గారితో కొంత విభేదించవలసి ఉంది, మన్నించాలి. ఆ పని ఎంత గొప్పదో మీరు రాసిన నాలుగు వాక్యాల్లోనే కనిపించింది. కానీ మేకప్ అద్దం ముందు మొదలై, ప్రదర్శనతో సాగి, చివర్లో విగ్గు తీసి అలసిన ముఖంతో కెమెరా వైపు చూడడంతో ముగిసే విద్యార్థి ఫిల్ములు నేను లెక్కలేనన్ని చూశాను. ఆ చివరి షాట్ ఏం చెబుతుందో గమనించండి. ఇంతసేపూ మీరు చూసింది ముసుగు, ఇదుగో అసలు మనిషి అని చెబుతుంది. పైకి సానుభూతిలా ఉంటుంది, లోపల మాత్రం బట్టబయలు చేయడమే. తయారీని చూపించబోయి ఆ గోతిలో పడతారేమోనని నా భయం.

అద్దంముందు

నీలితెర గారూ, ఇందులో మన్నింపు అవసరమే లేదు, ఈ మాట నేను ముందే రాసి ఉండవలసింది. ఆ విగ్గు తీసే షాట్ కోసం నన్ను కనీసం అయిదుసార్లు అడిగారు. మొదటిసారి కాదనలేక ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఎవరికీ ఒప్పుకోలేదు. నేను వేదిక మీద ఉన్నప్పుడు అబద్ధం, ఇంట్లో ఉన్నప్పుడు నిజం అన్న లెక్క నా జీవితానికి సరిపోదు. జిగురు పుల్ల గురించి రాసింది నా చేతి పనితనం తెలియాలని, లోపల ఉన్నదెవరో చూడండని కాదు. ఈ రెండింటికీ తేడా ఎలా చూపించాలో కెమెరా తెలిసిన మీరే చెప్పాలి.

నీలితెర

అలాగైతే నా సలహా ఇది. తయారీ అంతా జీన్‌కు ఇచ్చేయండి, నిండైన రూపం అంతా ఫిల్మ్‌కు ఉంచండి. ఫిల్మ్‌లో మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా కళాకారిణి పూర్తిగా తయారయ్యే ఉండాలి. ఆమెకు ముందూ వెనుకా ఇంకొకరు ఉన్నారన్న సూచన కూడా తెర మీద రాకూడదు. ఫ్యాషన్ ఫిల్మ్ బలం కూడా అదే. ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ నిక్ నైట్ 2000లో షోస్టూడియో అనే ఫ్యాషన్ ఫిల్ముల వెబ్‌సైటును మొదలుపెట్టినప్పుడు, బట్ట కదులుతున్నప్పుడే పూర్తిగా కనబడుతుంది, నిలిచిన ఫొటో దాన్ని సగమే చూపుతుంది అన్న ఆలోచనతోనే మొదలుపెట్టాడు. చేతి పనితనాన్ని మాత్రం చదువరి తన వేగంతో, మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసుకోవాలి. దానికి కాగితమే తగినది.

ఇక చిత్రీకరణ సంగతులు. సీక్విన్లు ఉన్న దుస్తుకు పెద్ద మెత్తటి వెలుగు పెడితే అన్నీ ఒకేసారి వెలిగి బూడిద రంగు గుడ్డలా తేలిపోతుంది. చిన్నదైన, గట్టి వెలుగు ఒకటి పక్క నుంచి పెట్టి మనిషిని కదలమనండి, అప్పుడు మెరుపు ఒక చోట పుట్టి ఇంకొక చోటికి పాకుతుంది. సన్నటి గీతలు, దగ్గర అల్లిక ఉన్న బట్టలు కెమెరాలో అలలు అలలుగా వణుకుతాయి. ముందుగానే చిన్న ముక్కను చిత్రీకరించి చూసుకోండి. వేదిక మేకప్‌ను దూరం నుంచి చూసే కళ్ళ కోసం వేస్తారు. దగ్గరి షాట్‌లో విగ్గు ముందు అంచున ఉండే లేస్ బయటపడుతుంది కాబట్టి, చిత్రీకరణకు ముందే ఒక రోజు కెమెరా పరీక్ష పెట్టి, కళాకారిణికే ఆ దృశ్యాలు చూపించి, ఏం మార్చుకోవాలో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. విద్యుత్తు 50 హెర్ట్జ్ ఉన్న చోట సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు పెడితే దీపాల మినుకుమినుకు రాదు. వేగం తగ్గించి చూపే షాట్లకు 50 ఫ్రేములు, 100వ వంతు షట్టర్.

వోగ్ ఉంటే ఒక షాట్ నుంచి ఇంకొక షాట్‌కు మారే కట్‌లు తగ్గించండి. చేతుల ఆట, కూర్చున్నట్టు వంగి నడిచే డక్‌వాక్, పిల్లినడక, నేల మీది కదలికలు, గిరగిరా తిరిగి వెనక్కి వాలడం, ఇవన్నీ ఒకదానిలోంచి ఒకటి పుట్టే క్రమం ఉంది. పాదాలూ చేతివేళ్ళూ రెండూ ఫ్రేములో ఉండేంత దూరంలో కెమెరా పెట్టి వదిలేయండి.

పాట విషయంలో చాలామంది చివర్లో చిక్కుకుంటారు. పెదవుల కదలికతో పాడినట్టు నటించడానికి ప్రసిద్ధ పాట వాడితే బాణీ హక్కుకు ఒకరి అనుమతి, ఆ రికార్డింగుకు ఇంకొకరి అనుమతి, రెండూ కావాలి. తరగతి గదిలో చూపడానికి ఎవరూ అడ్డుపడకపోవచ్చు, చిత్రోత్సవాలకు పంపేటప్పుడు, ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు మాత్రం ఆగిపోతుంది. నాకు తోచిన మార్గం ఒకటి చెబుతాను. తన దుస్తుల గురించి కళాకారిణి మాట్లాడిన మాటలనే రికార్డు చేసి, వాటికే ఆమెను పెదవులు కదపమనండి. తన గొంతుకు తానే నటించడం ఎంత కష్టమో, చూడడానికి ఎంత వింతగా ఉంటుందో ప్రయత్నిస్తే తెలుస్తుంది. ఊపిరి తీసుకున్న చోటు కూడా తప్పకూడదు.

అద్దంముందు

ఊపిరి మాట అక్షరాలా నిజం. మేము పాటలోని మాటలకన్నా ముందు ఊపిరిని బట్టీపడతాం. ఈ ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

ముడతకాగితం

జీన్ వంతు వచ్చింది కాబట్టి నేనూ మాట్లాడతాను. ఇరవై ఏళ్ళుగా చిన్న పత్రికలు కూర్చడం, కుట్టడం నా పని.

ముందుగా ఒక సంగతి. డ్రాగ్‌కూ జీన్‌కూ చుట్టరికం పాతదే. న్యూయార్క్‌లో లిండా సింప్సన్ అనే డ్రాగ్ కళాకారిణి 1987లో ‘మై కామ్రేడ్’ పేరుతో ఫొటోకాపీ పత్రిక మొదలుపెట్టింది. ఎయిడ్స్ మిత్రులను ఒక్కొక్కరినే తీసుకుపోతున్న ఆ రోజుల్లో, తమవాళ్ళ ఫొటోలు, తమ మాటలు తామే అచ్చువేసుకున్న కాగితాలవి. మీ జీన్‌ను ఫిల్మ్‌కు ప్రచార పుస్తకంలా, నిగనిగలాడే కాగితం మీద వేయాలనుకుంటే మాత్రం దయచేసి మరొకసారి ఆలోచించండి.

మీకు ఆరు దుస్తులున్నాయి. ఏ4 కాగితాలు ఆరింటిని మధ్యకు మడిచి, మడత మీద రెండు పిన్నులు కొడితే 24 పుటల ఏ5 పత్రిక అవుతుంది. అట్టకు వేరే దళసరి కాగితం. ఇప్పుడు ఒక్కొక్క దుస్తుకు ఒక్కొక్క కాగితం కేటాయించండి. పిన్ను కొట్టిన పత్రికలో ఒక కాగితం మీది నాలుగు పుటలు పక్కపక్కన రావు. అన్నిటికన్నా బయటి కాగితం మీద 1, 2, 23, 24 పుటలుంటాయి, అన్నిటికన్నా లోపలి దాని మీద 11 నుంచి 14 వరకు. అంటే మొదటి దుస్తు కథ పత్రిక ప్రారంభంలో మొదలై చివర్లో ముగుస్తుంది, ఆరో దుస్తు నట్టనడుమ ఉంటుంది. చదువరి పిన్నులు విప్పితే ఒక్కొక్క కాగితం ఒక్కొక్క దుస్తుకు సంబంధించిన పూర్తి పత్రమై చేతిలోకి వస్తుంది. కుట్లు విప్పితే ప్యాటర్న్ ముక్కలు బయటపడినట్టు. తయారీని గౌరవంగా చూపడానికి ఇది ఒక దారి. ఎవరి ముసుగూ తీయనక్కరలేదు, పుస్తకమే విడిపోతుంది.

ఫొటోల మీదే ఆధారపడకండి. సీక్విన్ బట్టను నేరుగా ఫొటోకాపీ యంత్రం అద్దం మీద పరిచి తీయండి. వెలుగు తిరిగి కొట్టిన బిళ్ళలు తెల్లగా, కొట్టనివి నల్లగా పడి, ఏ కెమెరాకూ అందని బొమ్మ వస్తుంది. అతికించుకునే కనురెప్పల వెంట్రుకలను 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల స్పష్టతతో స్కాన్ చేస్తే జిగురు మరకతో సహా కనబడతాయి. ఫోమ్ ప్యాడ్ ఆకారాన్ని అసలు కొలతలో వేయాలంటే ఏ5 చాలదు. ఏ3 కాగితాన్ని మడిచి లోపల ఉంచండి, కావలసినవారు కత్తిరించుకుని వాడుకోగలరు.

ఫొటోకాపీ యంత్రంలా ఉండే రిసోగ్రాఫ్ అచ్చు యంత్రం దొరికితే వాడండి. ఒక్కొక్క రంగు ఒక్కొక్క డ్రమ్ము నుంచి విడివిడిగా పడుతుంది కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా తప్పదు. పెదవి గీతను దాటి రంగు కొంచెం బయటికి రావడం ఈ విషయానికి అందమే. నున్నటి పూత ఉన్న కాగితం మీద ఆ సిరా ఆరదు, పూత లేనిదే కొనండి. కాగితంలోని నార ఏ దిక్కుకు ఉందో చూసి ఆ దిక్కుకే మడవండి, లేకపోతే మడత దగ్గర పగుళ్ళు వస్తాయి.

నూలుపోగు

ఇన్ని రోజులు జవాబు రాయనందుకు మన్నించండి, రాసేముందు పని మొదలుపెట్టాలనిపించింది.

మా దగ్గరే ప్రదర్శనలు ఇచ్చే ఒక కళాకారిణిని కలిశాం. సహ రూపకర్తగా ఆమె పేరు ఉంటుందని, మా దగ్గర ఉన్న డబ్బు ఇంత అని, వెనక్కి తగ్గే హక్కు ఉంటుందని మొదటి రోజే కాగితం మీద రాసి ఇచ్చాం. ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఆ తర్వాతే మా బొమ్మలు చూశారు. ఆరింటిలో మూడింటిని తీసేశాం. వాటి గురించి ఆమె అడిగిన ప్రశ్న మా అధ్యాపకురాలు అడిగినదే. కొత్తగా చేర్చిన వాటిలో ఒకటి సూటు. దాని వాక్యం ఆమే చెప్పారు: తాను ఇంటర్వ్యూకు వేసుకువెళ్ళి, ఉద్యోగం రాక తిరిగి వచ్చిన సూటు ఎలా ఉండి ఉండాలో అలా ఉండాలని. మరొకటి కత్తెరవాటం గారు కోరిన, ఏ ఆకారమూ కాని దుస్తు. అది ఇంకా ఫోమ్ ముక్కలుగానే ఉంది.

ప్యాడ్లు, కార్సెట్ వేసుకున్నాకే కొలతలు తీశాం. మా పాత ప్యాటర్న్‌కూ ఆ కొలతకూ 16 సెంటీమీటర్ల తేడా వచ్చింది.

తన గొంతుకు తానే పెదవులు కదిపే ప్రయోగం కూడా మొన్న చేశాం. నాలుగుసార్లు తప్పాక, అయిదోసారి ఆమె కళ్ళు మూసుకుని ముందు ఊపిరిని మాత్రం అందుకున్నారు, మాటలు వాటంతటవే కుదిరాయి. ఫిల్మ్ ఆ ఊపిరితో మొదలవుతుంది.

ఒక సందేహం మిగిలింది. ప్రదర్శన అయ్యాక ఆమె తడి గుడ్డను ముఖానికి అద్ది తీస్తే కనుబొమలు, పెదవులు, బుగ్గల నీడలతో సహా ముఖం మొత్తం ఆ గుడ్డ మీద దిగింది. అటువంటివి ఆమె దగ్గర పెట్టె నిండా ఉన్నాయి, ప్రతిదాని మూలనా తేదీ ఉంది. ఒకటి జీన్‌లో వేసుకొమ్మని ఆమే ఇచ్చారు. ఇది నీలితెర గారు వద్దన్న ముసుగు తీయడం అవుతుందా?

అద్దంముందు

కాదు. నా దగ్గరా అటువంటి గుడ్డలు ఉన్నాయి. ఆ గుడ్డ మీద ఉన్నది ఆమె గీసిన ముఖమే, అది చెరిగిపోకుండా ఆమె దాచుకున్న పద్ధతి. కింద ఎవరున్నారో అది చూపించదు. ఆమే ఇచ్చారు కాబట్టి నిశ్చింతగా వేయండి, తేదీ మాత్రం కత్తిరించకండి.

ముడతకాగితం

వేసేటట్లయితే 12, 13 పుటల మీద వేయండి. పిన్ను కొట్టిన పత్రికలో ఎదురెదురు పుటలు రెండూ ఒకే కాగితం మీద ఉండేది లోపల అక్కడొక్కచోటే, ముఖం ముక్కు దగ్గర తెగకుండా ఉంటుంది. పిన్నులు రెండూ ఒకటి నుదుటి మీద, ఒకటి గడ్డం కింద పడేలా జరపండి. కళ్ళ మీద పడకుండా ముందు ఒక నకలు మడిచి చూసుకోండి.